సరి బేసి

బొబ్బిలి రోడ్డులో మిల్లు మొత్తానికీ
చల్లగాలి ఆ ఒక్క గదిలోనే.
మనుషుల కోసం కాదు,
కలకత్తా నుంచి సెకండ్ హ్యాండులో దిగిన కంప్యూటరు కోసం.
గోగునార దుమ్ము చొరబడకుండా
తలుపు సందుల్లో పాత గోనెలు కుక్కేవాళ్ళం.

కోరాడ అసిరినాయుడు గారు చెప్పిన మొదటి పాఠం:
"ప్రతి కమాండూ పని ముగించి ఒక అంకె వదిలిపోద్ది.
బేసి వస్తే పనైనట్టు. సరి వస్తే సెడినట్టు."
సరి వస్తే సరి కాదా? అన్నాను.
"అది తెలుగులోన. ఇది యంత్రం" అని
సగం కాల్చిన చుట్ట వెతుక్కుంటూ బయటికెళ్ళారు.

రెండో పాఠం: తప్పొస్తే ఏం చెయ్యాలో
తప్పు కంటే ముందే చెప్పి ఉంచాలి.
'ఆన్ ఎర్రర్ దెన్' అని మొదలుపెట్టి ఒక వరస.
చెప్పకపోతే ఉన్నచోటే చతికిలబడుతుంది.
చెప్పినా ఒక్కసారే వింటుంది.
ఒక తప్పుని కాసుకున్నాక ఆ మాట చెల్లిపోతుంది,
రెండో తప్పుకి మళ్ళీ కొత్తగా చెప్పుకోవాలి.

మూడోది ఆయన చెప్పలేదు, మాన్యువల్లో నేనే చూశాను.
సెట్ నూన్.
నూన్ అంటే మధ్యాహ్నం అనుకున్నాను కొన్నాళ్ళు.
కాదు. నో, ఆన్:
రెండు మాటలు తడి నారపోగుల్లా అంటుకుపోయాయి.
ఏం జరిగినా ఆగకు, చూడకు, నడు,
అని దానికి అర్థం.

శుక్రవారం రాత్రి. తెల్లారితే బట్వాడా.
పన్నెండొందల నలభై మంది వారం కూలి.
నాలుగుసార్లు మొదలెట్టాను. నాలుగుసార్లూ
ఏదో కార్డు దగ్గర ఆగిపోయి
డాలరు గుర్తు పెట్టి నా మొహం చూసింది.
మగ్గాల అదురు నేలలోంచి అరికాళ్ళకి ఎక్కుతోంది.
రెండు గంటల పది నిమిషాలకి
ఆ ఫైలు నెత్తిన
మధ్యాహ్నం రాసి పెట్టాను.

ఎంత బాగా నడిచిందో!
చీటీల మీద చీటీలు, వానలా ప్రింటరు.
నేను టీ తాగాను. కాస్త కునికాను కూడా.

పదకొండింటికి కిటికీలోంచి ఒక చెయ్యి,
గోళ్ళ సందుల్లో నార.
టోకెను ఎనిమిది వందల పద్నాలుగు,
స్పిన్నింగు, తవిటమ్మ.
చీటీలో పేరు సక్రమంగానే ఉంది.
రూపాయల గడిలో సున్నా.
పైసల గడిలో రెండు సున్నాలు.

అరుస్తుందనుకున్నాను.
"బాబూ, నాను తప్పేటైనా సేసినానా?
లచ్చివారం జొరమొచ్చినా పన్లోకొచ్చినాను.
మేస్త్రీనడగండి."

వెతికాను. నలభై ఎనిమిది గంటలు.
మస్టరు రాసినవాడి ఎనిమిది
టైపు కొట్టినవాడి కంటికి బి అక్షరంలా కనిపించింది.
అంతే.
యంత్రం రాత్రే సరి అంకె చూపించి చెప్పింది.
వినొద్దని నేనే అన్నాను.

వచ్చే వారం కలుపుతామన్నాడు కేషియరు.
"సరి బాబూ" అని
కొంగుకి చీటీ ముడేసుకుని వెళ్ళిపోయింది.
సరి.
ఆ మాట అప్పట్నుంచీ
నా చెవికి యంత్రం భాషలోనే వినబడుతుంది.

ఆ రాత్రి మధ్యాహ్నాన్ని చెరిపేశాను.
చిన్న హెచ్చరికొచ్చినా సరే
పక్కదారి పట్టి ఒక గుర్తు దగ్గరికి వెళ్ళమన్నాను.
అక్కడ టోకెను నంబరు రాయాలి, గంట కొట్టాలి,
చెల్లిపోయిన మాటని మళ్ళీ చెప్పుకోవాలి,
తర్వాతే మిగతావాళ్ళ దగ్గరికి.
ఆ గుర్తుకి పేరు కావాలి.
తవిటమ్మ అని పెట్టాను.

అసిరినాయుడు గారు తెర మీద చదివి
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఆవిడికి తెలుసునేటి?"
తెలీదన్నాను.

తర్వాతి శుక్రవారం మూడింటికి
గంట మోగింది.
లేచి వెళ్ళాను.
ఈసారి ఎవరిదో అయిదు,
ఎస్‌లా ఉంది.