యాభై రెండు

యాభై రెండు గొర్రెలు. యాభై మూడోది ఎక్కదు.
ఎక్కనివ్వను.

సన్‌వైజర్ వెనక మడిచిపెట్టిన కాటా చీటీ
కాఫీ మరకతో సహా నాకు కంఠతా వచ్చు.
వెనక ఇరుసు మీద ఆరువేల తొమ్మిదివందల నలభై.
తలుపు సందులో అంటించిన కాగితం ఏడువేలంటుంది.
మిగిలింది అరవై పౌన్లు,
సగం గొర్రె కూడా పట్టని సందు.
ఏటా అక్టోబరులో ఆ సందులోంచే
నేను బిగ్‌హార్న్ కొండలు దిగుతాను.

ఎలెయుటేరియో కంచె మీద చెయ్యేసి
పడమటి దిక్కు చూపించాడు.
అక్కడున్నది ఉత్త మబ్బు కాదు, మంచు. రాత్రికి పడుతుంది.
"పన్నెండే కదమ్మా మిగిలినవి, కుక్కెయ్.
ఒకదాన్నొకటి ఒత్తుకుంటే వెచ్చగా ఉంటాయి."
పెరూ కొండల్లో పుట్టినవాడు,
చలి సంగతి అతనికి నేను చెప్పేదేముంది?
ట్రైలర్‌లో చోటూ ఉంది.
కానీ చోటు ట్రైలర్‌ది, మోత టైర్లది.
నా పికప్‌కి వెనక రెండే. అటొకటి, ఇటొకటి.

డ్వేన్ హోల్‌క్రాఫ్ట్ బండికి వెనక నాలుగు.
దాణా కొట్టు ముందు నిలబడి
నా బండి నడుం చూసి నవ్వుతాడు:
"ఎయిర్ బ్యాగులు వేయించు గ్రాసియానా, కుంగడం మానేస్తుంది."
వేయించాను. మానేసింది.
టైరు పక్కన అచ్చేసిన అంకె మాత్రం
పచ్చబొట్టులా అలాగే ఉంది.

పొద్దున్నే గాలి చూశాను. చలికి దిగింది, ఎనభైకి పట్టించాను.
గొలుసులు ఒకదాని కిందుగా ఒకటి, కత్తెర వేసి.
హిచ్ పిన్ను కళ్లతో చూశాక చేత్తో తాకి చూశాను.
బెత్తిరి మావయ్య ఉత్త చూపుతో సరిపెట్టేవాడు.
అతని కుడిచేతికి మూడు వేళ్లు.
ఆ మూడింటినీ ఆడిస్తూ చెప్పేవాడు:
ఎక్కిన గేరులో దిగకు, ఇంకో మెట్టు తగ్గు.

తగ్గాను. మూడో గేరు.
ఇంజను గొంతు పెంచి మొత్తం మందని పట్టుకుంది.
బ్రేకు నొక్కుతాను, వదిలేస్తాను,
చల్లారనిచ్చి మళ్లీ నొక్కుతాను.
కాలు దాని మీదే పెట్టుకు కూర్చుంటే
నాలుగో మలుపుకల్లా కాలిన వాసన.
వెనకొచ్చిన కారువాడు హారన్ కొట్టాడు.
వాడికి యాభై రెండు లేవు. దారిచ్చాను.

కొండ తెరుచుకునే చోట గాలి కాచుకుని ఉంది.
పక్కనుంచి ఒక్క తోపు.
అద్దంలో ట్రైలర్ తెల్లటి పక్క కనిపించింది,
కనిపించకూడదది. అటు. మళ్లీ ఇటు. ఈసారి ఇంకాస్త.
కాలు బ్రేకు మీదికి ఉరకబోయింది, పోనివ్వలేదు.
యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టి
డాష్‌బోర్డు కింది చిన్న మీటని రెండు వేళ్లతో పిండాను.
ట్రైలర్ చక్రాలు మాత్రమే నేలని పట్టాయి,
మెడపట్టీ లాగిన కుక్కలా
ఒక్క గుంజు, వరసలోకి వచ్చింది.

గొర్రెలు ఒక్కటీ అరవలేదు.
అరిచింది నేనే. ఏమని అరిచానో
కొండకీ నాకూ తెలుసు, చాలు.

కింద దొడ్లో దించి
అరచేతి వెనకవైపుతో ఒక్కో చక్రం వేడి చూశాను.
ఎడమ వెనకది జ్వరం వచ్చిన పిల్లాడిలా ఉంది.
అది చల్లారేదాకా బంపర్ మీద కూర్చుని
చల్లబడిపోయిన కాఫీ తాగాను.

ఖాళీ ట్రైలర్ గలగలలాడుతూ మళ్లీ ఎక్కుతుంటే
మొదటి మంచు రేకులు అద్దానికి తగిలాయి.
పైన టార్చిలైటు ఊగింది.
పన్నెండూ గొర్రెల కాపరి బండి చాటున
ఒకే బొంతలా ముడుచుకుని ఉన్నాయి.

"నేనూ వస్తాను," అన్నాడు ఎలెయుటేరియో,
టోపీ మీది మంచు దులుపుకుంటూ.
"ముందు నన్ను కూడా తూచుకుంటావా ఏమిటి?"

ఎంతుంటావని అడిగాను.
"నూట నలభై. కుక్క నలభై."

లెక్కేశాను. నిజంగానే లెక్కేశాను.
ఎక్కండి.