ఆరె

ఈ నవలకు అట్ట లేదు.
మొదటి పదహారు పేజీలు ఎలుకలు తిన్నయి.
హన్మకొండ లైబ్రరీ వెనుక గదిల
కుట్టుకు వచ్చిన కుప్పల దొరికింది.

ఎక్కడిదో ఊరు, సముద్రం అవతలిది.
ఆడ నల్లాలు రెండు.
బస్సుల ముందు సీట్లు కొందరివి, వెనుక సీట్లు కొందరివి.
బొందలగడ్డలు సుత రెండే.
దారం ఎక్కిచ్చుకుంట అనుకున్న:
ఈ రాసినాయన మా పరకాల దిక్కు ఎప్పుడొచ్చిండు?

నా చేతిలది సూది కాదు. ఆరె.
నాయిన చెప్పులు కుట్టిన ఆరె.
పిడి మీద ఆయన బొటనవేలు గుంట ఇంకా ఉంది,
నా వేలు అండ్ల వదులైతది.
తోలుకు పొడిచిన పోటే కాగితానికి పొడుస్త.
ఇది యాడిదని ఆఫీసుల ఎవ్వరడగలే.
నేనూ చెప్పలే.

నూట పన్నెండో పేజీల
జర తెల్లగ పుట్టినోడొకడు
రైలెక్కి పట్నం పోయి వాళ్లల్ల కలిసిపోతడు.
ఏండ్లకు స్టేషన్ల చెల్లె ఎదురైతే
గడియారం దిక్కు చూస్తడు.
ఆడ నా దారం తెగింది.

రాజమొగిలీ,
నువ్వు తెల్లగ పుట్టలే. పుట్టినా లాభం లేదు.
ఈడ రంగు చూడరు,
"మీరేమిటోళ్లు?" అంటరు,
కిరాయి చెప్పకముందే.
నక్కలగుట్టల పదకొండు ఇండ్లకాడ నిజం చెప్పినవ్.
పన్నెండో ఇంటికాడ చెప్పలే.
తాళంచెవి చేతికొచ్చింది.
ఆ ఒక్కదానికి నిన్ను నేనేమన్న.

పోయిన వానకాలం అవ్వ వచ్చింది గద,
ఎండు తునకలు వాసన రాకుంట
మూడు కవర్లల్ల చుట్టుకొని.
గేటుకాడ ఓనరమ్మ ఎవరని అడిగితే
మెట్ల మీదికెల్లి అన్నవ్:
"ఊర్ల మా పొలం చూసే ముసలామె."

మనకు పొలమే లేదు గదరా.

అవ్వ నీ అబద్ధం పడిపోకుంట పట్టుకున్నది.
"దండాలు దొరా" అన్నది.
కన్న కొడుకును.
మూట ఆడ్నే పెట్టి,
చెప్పులు ఇడిచి చేతిల పట్టుకొని
ఆ సిమెంటు గల్లీ దాటింది,
గడీ ముందట ఆమె అత్త దాటినట్టు.

ఇంటికొచ్చి నాతోని ఒక్కటే మాట:
"వానింట్ల ఫ్యాను మంచిగ తిరుగుతుంది బిడ్డా."
గేటు బయటికెల్లి ఫ్యాను ఎట్ల కనిపిచ్చిందో.
అప్పటిసంది నీ పేరు తియ్యది.
ఎవరన్న అడిగితే
"ఆ పిలగాడా" అంటది,
పక్కింటోళ్ల కొడుకు లెక్క.

నవల ఆఖరి పేజీలు సుత లేవు.
చెల్లె కాడికి వాడు మళ్ల వచ్చిండో లేదో
తెలువది.
ఎనిమిది తెల్ల కాగితాలు పెట్టి కుట్టిన,
రూలు గదే.

సారు వచ్చి పుస్తకం తిప్పి చూసిండు,
వీపు గుంజి చూసిండు.
"కుట్టు గట్టిగుందమ్మా, యాడ నేర్చినవ్?"

నోటిదాకా ఇంకో మాట వచ్చింది.
గడియారం దిక్కు చూడబోయిన.

"మా నాయిన కాడ సార్.
చెప్పులు కుట్టేటోడు."

సారు పుస్తకం బల్ల మీద పెట్టిండు.
ఏమనలే.
ఫ్యాను తిరుగుతనే ఉన్నది.