రాణి వేషం

నాటకం తొమ్మిదికన్నారు, పదకొండైంది.
రెండు ట్రాక్టరు ట్రాలీలు జోడించి
పైన టార్పాలు కట్టినారు.
ఎర్రగుంట్ల నుంచి తెచ్చిన సీరియల్ బల్బులు
సగం వెలుగుతాండాయి, సగం వెలగట్లే,
ఏ సగమో చూసుకునే లోపలే మారిపోతాండాయి.

గోతాం పరుచుకుని ముందరే కూర్చుంటి.
హుసేన్‌బీ ఉడకేసిన శెనక్కాయలు తెచ్చింది,
ఉప్పు ఎక్కువేసింది, ఎప్పట్లాగే.

మా ఆయన రాణి.
పగలంతా పాలిష్ ఫ్యాక్టరీలో నాపరాయి అరగదీసే మనిషి,
ఎన్ని నీళ్లు పోసుకున్నా
చెవుల వెనక బూడిద రంగు పోని మనిషి.
మీసం తీసినాక మూడు దినాలు
మా ఎనుము గూడా దగ్గరికి రానీలే.

కట్టుకున్నది నా చీరే.
నెమలికంఠం రంగుది.
జరీ చిరిగిన కాడ కుచ్చిళ్లలో దాచినాడు.
పెట్టె తీసి అడిగిననాడు
"చింపినావంటే చూడు" అన్నా, అంతే.

తెర లాగినారు, సగంలో ఇరుక్కుంది.
సేనాధిపతి కత్తితో విడిపించినాడు.
రాణి నడిచొచ్చింది,
కుడికాలు రవ్వంత ఈడుస్తా,
బిందె లేకపోయినా నడుం పక్కకి వంచి.
జనం ఒకటే విజిల్లు.
హుసేన్‌బీ మోచేత్తో పొడిచింది:
"ఏమ్మే, అది నీ నడకే గదా!"
నేనట్లా నడుస్తానని
ముప్పై మూడేండ్లకు తెలిసింది నాకు.

మధ్యలో సిమెంటు గూడ్సు వచ్చింది.
యాభై ఎనిమిది డబ్బాలు పోయిందాకా
రాజు ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే నిలబడినాడు.
పిల్లోల్లు గట్టిగా లెక్కబెట్టినారు.

రెండో జామో, మూడో జామో.
అడవి అంటే నాలుగు వేపకొమ్మలు, ఒక నీలం బల్బు.
రాణి బిడ్డ పోయినాడు.
ఇక్కడ మేష్టరు నేర్పింది నాకు తెలుసు,
మూడు నెల్లు మా వాకిట్లోనే నేర్పినాడు:
గుండెలు బాదుకోవాల, జుట్టు విరబోసుకోవాల,
పద్యం ఎత్తుకుని ఆఖర్న రాగం సాగదీయాల.

దస్తగిరి హార్మోనియం మీద శ్రుతి పట్టి చూస్తాండాడు.
రాణి బాదుకోలే.
కూర్చుంది.
కొంగు కొస నోట్లో కుక్కుకుంది.
కుడిచేత్తో ఎడమచేతి గాజులు
ఒక్కొక్కటే మోచేతి దిక్కు నెట్టుకుంది
చప్పుడు కాకుండా,
బిగుసుకునేదాకా.

శెనక్కాయ నా నోట్లోనే ఉండిపాయ.

అట్లా ఏడ్చింది నేను.
ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి
ఉత్త చేతుల్తో వచ్చిన రాత్రి.
ఆయన గోడ దిక్కు తిరిగి పండుకోనుండె.
గురక గూడా పెట్టె.
ఆ గురక మీద కోపం
పదకొండేండ్లు
సద్దిబువ్వలో కలుపుకుని తింటి.

ఎంత బాగా పెట్టినాడు గురక!
అది ఏ మేష్టరు నేర్పినాడో.

పద్యం రాలే.
తెర వెనక నుంచి మొదటి పాదం అందిస్తాండారు,
మళ్లీ అందిస్తాండారు.
దస్తగిరి ఒక్క మెట్టు మీద వేలుంచి ఎత్తలే.
"ఏం రాణీ, నిద్రపోయినావా?"
ఎనక నుంచి ఎవడో అరిచినాడు.
హుసేన్‌బీ నా దిక్కు చూడలే.
నా గోతాం అంచు పట్టుకుంది, అంతే.

తెల్లారుజామున బోరింగు కాడ
కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటాండాడు.
ఒక కంటి కాటుక పోయింది, ఇంకోదానిది పోలే.
"ఎట్లుండె?" అన్నాడు, తలెత్తకుండా.
కొంగు కొస ఇంకా తడిగానే ఉండె.
"చీరైతే చింపలేదులే" అంటి.
బోరింగు కొడతా నిలబడితి.
చెవుల వెనక గూడా రుద్దుకోమంటి.