వృథాగా

పేపర్లో చిన్న వార్త:
ఇరవై గేట్లు అడుగు మేర ఎత్తారు,
ఇన్ని వేల క్యూసెక్కులు
వృథాగా సముద్రం పాలు.

ఆదివారం పొద్దున్నే ఆ వృథా కోసం
యనమలకుదురు కరకట్ట దిగాం.
మూడు లారీ ట్యూబులు,
నాంచారయ్య, మస్తాన్, నేను.

ఆటోనగర్లో టైర్ల కొట్టు మస్తాన్‌ది.
ట్యూబు ఒళ్లు తడిమి అది తిరిగిన ఊళ్లు చెప్పేస్తాడు.
ఇది నాగపూర్ మేకు, ఇది చిలకలూరిపేట గాజుపెంకు,
ఈ వంకర అతుకు మాత్రం నా పెళ్లినాటిది, చెయ్యి వణికింది.
పది టన్నుల బత్తాయిలు మోసిన ట్యూబు
ఇవాళ నన్నొక్కణ్ణే మోస్తూ
కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే ఉంది.

నీళ్లు మోకాలి దాకా చల్లగా,
నడుము దాకా అనుమానంగా.
కాళ్ల కింద ఇసుక జారింది. అంతే.

ఎగువన ప్రతి చుక్కకీ ఒక పద్దు ఉంది.
శ్రీశైలంలో ఆపారు, సాగర్లో ఆపారు,
పులిచింతల్లో ఆపి ఎంతున్నావని అడిగారు,
బెజవాడలో ఆఖరిసారి నిలబెట్టి
కాలవలకి పంచారు.
ఇక్కణ్ణించి హంసలదీవి దాకా
అడ్డంగా ఒక్క గోడ లేదు.
మిగిలిన నీళ్లకి ఆ సంగతి తెలిసినట్టుంది,
వంకరగా పోవడం మళ్లీ నేర్చుకుంటున్నాయి.

రెల్లు దుబ్బుల పక్కన సుడి ఒకటి
నాంచారయ్యని పట్టుకుంది.
తిప్పుతున్నంతసేపూ చీటీ బాకీ గురించే చెబుతున్నాడు.
వదిలాక,
ఎంత బాకీయో మర్చిపోయాడు.

లంక ఒడ్డున వల దులుపుతున్న ముసలాయన కేకేశాడు:
"ఎక్కడికిరా అబ్బాయిలూ?"
యాభై దాటిన అబ్బాయిలం
మొహాలు చూసుకున్నాం.
"ఊరికే" అన్నాడు మస్తాన్.
"ఊరికే అయితే ఎడమ పాయలో పొండి.
కుడిది పనున్నవాళ్ల పాయ,
ఇసుక లారీల దగ్గర తేలుతుంది."

ఎడమ పాయలో పోయాం.
కొంగలు లేవలేదు, మేం వాటి లెక్కలోకి రాలేదు.
వెల్లకిలా పడుకుంటే
మెడ కింద కాలిన రబ్బరు వాసన,
చెవుల్లో నది.
నాకు ఈత రాదు.
ఆ మాట ఇంట్లో తెలుసు,
వీళ్లిద్దరికీ ఇంకా చెప్పలేదు.

తోట్లవల్లూరు దగ్గర ఒడ్డెక్కి గాలి తీశాం.
ఎన్నాళ్లుగానో చుట్ట చుట్టుకుని ఉన్న ఆటోనగర్
బుస్సుమని రెల్లులోకి పోయింది.

షేరాటో ఎక్కుతుంటే ఇంటావిడ ఫోను:
ఆదివారమంతా ఎక్కడ తగలేశారు?

వెనక్కి తిరిగి చూశాను.
ఇంకా పోతూనే ఉంది,
మీద ఎవరూ లేకపోయినా.