రెండు దెబ్బల ఖాళీ

మైకు పెట్టేది నేను. పాడేది బర్నబాసు.
లాలాగూడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల మొదటిసారి చూసినప్పుడు
అతని గిటారు పొట్టకు పగులుంది,
పగులు మీద గడువు తీరిన బస్సు పాసు అంటించి ఉంది,
పాసు మీద మీసాలు రాని అతనే ఉన్నడు.
"నన్ను నేనే వాయించుకుంటున్న" అన్నడు మైకుల.
ముందు వరుస లోకో షెడ్డు ఫిట్టర్లు
కుర్చీల మీంచి జారిన్రు.

అప్పట్నించి ఆయన ఎక్కడుంటె నా ఆంప్లిఫయర్ అక్కడ.
నీళ్ల ట్యాంకరు పాట,
ఆటో మీటరుకు జ్వరమొచ్చిన పాట,
పొద్దుగాల ఒక్క బాత్రూం ముంగట నిలబడ్డ
పదకొండుమంది కిరాయిదార్ల పాట.
వినాయక మండపంల భజనోళ్లు రాకపోతే
చర్చి కొయిరుల పాడే బర్నబాసు
ట్యాంకరు పాట ఎత్తుకున్నడు.
పులిహోర రెండు దొన్నెలు ఎక్కువిచ్చిన్రు.
ఆ ఆదివారం పాస్టరుగారు వెనక బెంచీ చూపించిన్రు.

కోఠి గుజరాతీ గల్లీల క్యాసెట్టు వేయించిండు, ఐదు వందల కాపీలు.
నలభై అమ్ముడువోయినయ్.
మిగిలినయి మంచం కింద పెట్టి
"నా సాహిత్యం మీద నేనే పండుకుంట" అనేటోడు.
మంచం కోడు విరిగినప్పుడు అవే కోడైనయ్.

టీవీల ఓసారి పొద్దున ఐదున్నరకు వచ్చిండు.
పాలప్యాకెట్లాయన గుర్తుపట్టిండు, అంతే.
మాదాపూర్ల కంపెనీ పండుగకు పిలిచి
మేనేజర్ మీద వద్దు, ట్రాఫిక్ మీద వద్దు, తిండి మీద వద్దన్నరు.
"సరే సార్" అని ఆ మూడు వద్దుల మీదనే
అక్కడికక్కడ పాట కట్టిండు.
చెక్కు రానీకి ఏడు నెలలు పట్టింది.

ఇగ అసలు సంగతి.
కిరాయిదార్ల పాటల మూడో చరణం చివర:

"గోడకు మేకు కొట్టనియ్యడు మా ఓనరు,
అందుకే మా ఇంట్ల ఇప్పటిదాంక ఎవ్వరం చావలే."

ఎవ్వరు నవ్వలే.
అంబర్‌పేటల నవ్వలే, అల్వాల్ల నవ్వలే.
ఆ లైను కాంగనే తీగల మీద అరచెయ్యి ఆనించి
ఆయన రెండు దెబ్బలు ఆగేటోడు,
నవ్వుకు జాగ ఇడిసి.
ఆ ఖాళీల ఫ్యాన్ల చప్పుడు, ఎవరిదో దగ్గు,
నా స్పీకర్ల సన్నటి రొద.
నేను తల దించుకొని ఏదో సరిచేస్తున్నట్టు నటించెటోన్ని.
"తీసెయ్యన్నా, ఎవరికీ అందుతలేదు" అంటే
"దూరంకెళ్లి వస్తున్నట్టుంది, నడుసుకుంట రానీ" అన్నడు.

మొన్న ఆషాఢంల మా అమ్మ పోయింది.
పదకొండో దినం ఫోటో కట్టించుకొచ్చిన.
బోడుప్పల్ల మూడో అంతస్తు, కొత్త పెయింటు.
సుత్తె లేపకముందే ఓనరు పైకొచ్చిండు:
"ఫ్రిజ్జు మీద పెట్టుకోరాదు?"
అమ్మను సంకల పెట్టుకొని, పండ్ల నడుమ మేకు పట్టుకొని
హాల్ల నిలబడ్డ.
ఒకటి.
రెండు.

మేకు ఊడి కింద పడ్డది.
చుట్టాలు పిచ్చి లేసిందనుకున్నరు.
నవ్వు ఆగుతలేదు,
కండ్లల్ల నీళ్లు ఏ పద్దు కింద రాసుకోవాల్నో తెలుస్తలేదు.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిన.
"అన్నా, మేకు..." అన్న.
అవతల చప్పుడు లేదు.
"ఇరవై ఆరేండ్లు" అన్నడు. "నీ టైమింగ్ బాగలేదు రా."
ఇంకొంచెం ఆగి,
"మీ అమ్మ టిఫిన్ డబ్బా మూత నా దగ్గరనే ఉండిపోయింది" అన్నడు.

శనివారం నారాయణగూడల ప్రోగ్రాం.
మూడో చరణం వచ్చింది. లైను పడ్డది.
జనం చూస్తున్నరు. ఫ్యాన్లు తిరుగుతున్నయ్.
ఆయన నా దిక్కు చూడలే.
నేను మీట మీది వేలు తియ్యలే.
నాలుగో వరుసల ఒక నడివయసు మనిషి
చెప్పులు దేవులాడుకుంటున్నట్టు కిందికి వంగిండు.
భుజాలు కదులుతున్నయ్,
ఎందుకో నాకు తెల్వది.