నొప్పి పదికి ఎంత

మంగళవారాలు నాకు గుండెనొప్పి.
లీడ్స్ మెడికల్ కాలేజీ, మూడో అంతస్తు,
తెరలు కట్టిన ఏడో గదిలో
పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదలవుతుంది.
గంటకి పద్దెనిమిది పౌండ్లు, బస్సు ఛార్జీ వేరే.

ఇవాళ నా పేరు మిసెస్ కౌర్.
యాభై రెండేళ్లు, బట్టల కొట్టు,
మొగుడికి చెప్పకుండా వచ్చాను.
పోయిన వారం మిసెస్ బేగం, మూర్ఛ.
అంతకుముందు పేరు కూడా రాయని ఒక తల్లి.
బిడ్డ దక్కలేదన్న మాట
పదకొండుసార్లు మొదటిసారి విన్నాను.
పదకొండుసార్లూ
కుడికన్నే ముందు తడిసింది.

చదువుకునే పిల్లలు. చేతులు మంచులా ఉంటాయి.
"నొప్పి పదికి ఎంత వేస్తారు?"
"ఏడు" అంటాను. కాగితంలో ఏడనే ఉంది.
చెవికి రింగు పెట్టుకున్న ఒక కుర్రాడికి
నాకంటే బాగా చెమట పట్టింది.
గ్లాసుతో నీళ్లందించాను,
పాత్రలోంచి బయటికి రాకుండానే.

పాత్రంటే మా ఇంట్లో గిన్నె కూడా.
ఎవరి పులుసు పోస్తే వాళ్ల వాసన.
తోమి బోర్లించాక
ఏ వాసనా మిగలకపోవడమే దాని మంచితనం.

చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి
కడుపు పట్టుకుని మెలికలు తిరిగితే
అమ్మ అట్లకాడ ఆపకుండానే అనేది,
"వేషాలెయ్యకు."
నాకొచ్చిన మొదటి సమీక్ష అదే.
తర్వాతివన్నీ ఇంతకంటే మర్యాదగా,
ఇంతకంటే తక్కువ శ్రద్ధగా రాసినవి.

మాంచెస్టర్‌లో ఇంకొంచెం ఇండియన్‌గా చెప్పమన్నారు.
చెప్పాను.
మరీ అంత వద్దన్నారు.
తిరుగు రైల్లో హడర్స్‌ఫీల్డ్ దాకా
అద్దానికి రెండు రకాలుగానూ చెప్పి చూశాను.
అద్దంలో కొండలు, గొర్రెలు, ఎవరో ఒకావిడ.
సత్యవేణి నోరు తిరగదని
ఏజెంటు సత్యం తీసేసి వేణి ఉంచింది,
అదీ పదేళ్లయింది. సంతకంలో కూడా
ఇప్పుడు చెయ్యి అక్కణ్నుంచే మొదలవుతుంది.

నవంబరులో నిజంగానే ఎడమభుజం పట్టేసింది.
నిద్ర లేదు. హేర్‌హిల్స్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లాను.
కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండా
"ఏమైంది?" అన్నాడు.
నేను ఆగాను.
ఎవరో అందిస్తారేమోనని ఆగాను.
"నొప్పి పదికి ఎంత?"
"ఏడు."
గొంతు మిసెస్ కౌర్‌ది.
చున్నీ సర్దుకోబోయిన చెయ్యి కూడా ఆవిడదే.
నా మెడలో చున్నీ లేదు.

ఉండండి, అది కాదు, అన్నాను.
అప్పుడు ఆయన తల తిప్పాడు.
వేషాలని తిట్టిన అమ్మే
కాసేపటికి పిండి చేతులు కొంగుకి తుడుచుకుని
పక్కన కూర్చుని అడిగేది:
పోటా, సలుపా, నులా, మంటా,
పీకుతోందా, లాగుతోందా,
ఇక్కడేనా, ఇంకొంచెం కిందనా.
ఒక్కోదానికి ఒక్కో మందు ఆవిడ దగ్గర.
ఒక్కోదాన్నీ భుజం మీద పెట్టి చూసుకున్నాను,
కొట్లో జాకెట్టు కొలిచి చూసుకున్నట్టు.
ఏదీ పట్టలేదు.
అన్నీ ఎప్పుడో ఒకప్పుడు వాడేసినవే.

"తెలీదండీ" అన్నాను.
ఆయన అదే టైపు చేశాడు.
ఎవరూ రాసివ్వని మాట
నా నోటినుంచి వచ్చి ఎన్నాళ్లయిందో.
బిల్ల మాత్రలు రెండు వారాలకి రాశాడు,
తగ్గకపోతే రమ్మన్నాడు.

బస్సు కిటకిటలాడుతోంది.
తడిసిన కోట్ల వాసన.
చెవికి రింగున్న కుర్రాడు నన్ను చూసి
గబుక్కున లేచాడు.
"మిసెస్ కౌర్! ఇప్పుడెలా ఉంది?"
అనేసి, నాలిక్కరుచుకుని, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

కొంచెం నయం బాబూ, అన్నాను.
వాడిచ్చిన సీట్లో కూర్చున్నాను,
కడ్డీ పట్టుకుని, మెల్లగా,
యాభై రెండేళ్ల మోకాళ్లతో.

నాకు ముప్పై ఎనిమిది.