రెండేళ్ల తోక

యెరెవాన్‌లో ఈ గది కిటికీ ఉత్తరం వైపు.
తోలు పుటలకి ఎండ పడదు.
నాకూ పడకుండా పోయిందంటుంది మా చెల్లెలు,
ముప్ఫై ఒక్క ఏళ్లుగా నీడపట్టునే ఉన్నానని.

నా పని చిన్నది.
మంగోలులు పన్నులు పిండిన ఆ నూరేళ్లలో
ఏది ముందు, ఏది తరవాత,
ఎవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు.
ఒక్కో సంగతికి ఒక్కో అట్టముక్క.
గట్టి తేదీకి నల్ల సిరా, అనుమానానికి పెన్సిలు.
పెన్సిళ్లే ఎక్కువ అడుగుతానని
స్టోరు గుమాస్తా సణుగుడు.

మా పాత రాతల్లో అక్షరాలే అంకెలు.
చా అంటే ఏడు వందలు, ల్యున్ ముప్ఫై.
మొత్తానికి అయిదు వందల యాభై ఒకటి కలిపితే
లోకం వాడుకునే సంవత్సరం.
కూడిక పిల్లలకీ వచ్చు.
చిక్కంతా చివరి అక్షరంతోనే.
యెచ్ అయితే అయిదు, ఏ అయితే ఏడు,
రెండూ అక్కచెల్లెళ్లు, కింద చిన్న తోక తేడా.
ఆ తోకని పురుగు తినేసింది.

ఎంత చదువుకున్న పురుగో!
చుట్టూ అంత ఖాళీ అంచు వదిలేసి
కొండమీది మఠం కూలిన ఏడు దగ్గరే
విస్తరి వేసుకుంది.

పన్నెండు వందల ఎనభై ఆరా, ఎనభై ఎనిమిదా?

"మూడు చరిత్రలు ఆరే అంటున్నాయిగా,"
అన్నాడు వాఘినాక్, మ్యూజియం గోడకి
ఇత్తడి అంకెలు కోయించేవాడు.
"ప్రశ్నార్థకం తగిలిస్తే
గోడమీద పిల్లిలా ఉంటుందమ్మా."

మూడింటినీ పక్కపక్కన పరిచాను.
మఠాధిపతి పేరులో మూడూ
ఒకే అక్షరం మింగాయి.
ఒకే వాక్యం దగ్గర ఒకేలా తడబడ్డాయి.
ముగ్గురు సాక్షులు కారు నాయనా,
ఒకడి ఎంగిలి ఇద్దరు తిన్నారు.

నాలుగోది దొరికింది
ఎవరూ చరిత్ర కోసం తెరవని కీర్తనల పుస్తకంలో,
చిట్టచివరి పుటలో.
రాయసగాడు మర్గారే, ఏడు వెయ్యడమే మరిచాడు:

"చదివేవారలారా, వంకర గీతలకి తిట్టకండి.
ఈసారి ఈస్టరు తొందరపడి మార్చిలోనే వచ్చేసింది.
సిరా గడ్డకడుతోంది, చంకలో పెట్టి కరిగిస్తున్నాను.
గుడి గోడ కూలి పదహారు రోజులు.
వంటవాడు సుకియాస్ ఇంకా రాళ్ల కిందే.
అతని గోధుమ జావలో ఎప్పుడూ ఉప్పెక్కువ.
రోజూ తిట్టేవాణ్ణి."

ఈస్టరు పట్టిక తీశాను. వేలు వణికింది.
ఎనభై ఆరులో ఏప్రిల్ పద్నాలుగు.
ఎనభై ఎనిమిదిలో
మార్చి ఇరవై ఎనిమిది.

లేచాను. కిటికీ దాకా వెళ్లాను. వచ్చి కూర్చున్నాను.
టీ పెట్టుకున్నాను, రెండు చెంచాల తేనెతో,
పండగలా.
సగం తాగాక గుర్తొచ్చింది
ఒక మనిషి రాళ్ల కింద ఉన్నాడని.

అయినా, ఆ గోడ ఈ గోడేనా?
మార్చి ఈస్టరు ఇంకే ఏళ్లలోనూ రాలేదా?
వచ్చింది. చాలాసార్లు.
పురుగు మిగిల్చిన రెండింట్లో అయితే ఒక్కసారే.
ఎనభై ఎనిమిది అని రాశాను,
పెన్సిలుతోనే, అట్ట అవతలికి అచ్చు పడేంత నొక్కి.

వాఘినాక్ ఫోనులో నిట్టూర్చాడు:
"ఆరుని తలకిందులు చేస్తే తొమ్మిదవుతుంది గానీ
ఎనిమిది కాదమ్మా."
మర్నాడు ఆ ఇత్తడి ఆరు పట్టుకొచ్చి
నా బల్లమీద పెట్టి పోయాడు.
కాగితాలు ఎగరకుండా బాగానే ఉంది.

ఆ సాయంత్రం ఇంకో అట్టముక్క తీశాను.
ఏ గడిలోనూ ఇమడని సంగతి.
సుకియాస్, వంటవాడు. జావలో ఉప్పెక్కువ.
దీనికి మాత్రం నల్ల సిరా వాడాను.
సాక్షి ఒక్కడే.
కానీ తిన్నవాడు.